నొప్పి లేని చెయ్యి

కాలిన చోట మంటగా ఉంటే ఏడవండి, కేకలు పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు. మంట లేకపోతే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకండి. ఈ మాట నాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అని ఈ ఆరు నెలల్లో చాలాసార్లు అనుకున్నాను. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు రెండో తరగతి పిల్ల రాసినట్టున్నాయి. అయినా రాయాలనిపించింది. కొంత నా మనసు కుదుటపడటానికి, కొంత మీలో ఎవరికైనా పనికొస్తుందని.

నా పేరు నసీమా. మాది జమ్మలమడుగు. జాకెట్ల మీద మగ్గం పని చేస్తాను. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, సన్నని సూదితో జరీ, పూసలు, చమ్కీలు కుట్టే పని. పెళ్లిళ్ల కాలంలో ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల నుంచి చేతినిండా జాకెట్లు వస్తాయి. మా ఆయన ఇంతియాజ్ కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో నేనూ, మా అత్త కాసింబీ. ఇరవై ఏళ్లుగా మా ఇద్దరి మధ్య పెద్ద గొడవలు లేవు, పెద్దగా మాటలూ లేవు. ఆమె తినే వేళ ఆమెది, నా వేళ నాది.

శుక్రవారం, పులివెందుల

మే నెల. పులివెందులలో మా చెల్లెలు షాహీన్‌కు పెళ్లయిన పదేళ్లకు ఆడపిల్ల పుట్టింది. ఆ బిడ్డను తొట్టెలో వేసే ఫంక్షన్‌కు అత్తా నేనూ పోయాం. ఇంటి వెనక షామియానా కింద వంటలు. ఒక పక్క బిర్యానీ, ఇంకో పక్క మాంసం తినని ఇరుగుపొరుగు కోసం తెల్లన్నం, పప్పు. తెల్లన్నం చూస్తున్నది ఓబులేసు మామ. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్న మనిషి.

మిట్టమధ్యాహ్నం గంజి వార్చే వేళయింది. అన్నం ఉడికే పెద్ద డేక్సాకు రెండో వైపు పట్టాల్సిన మనిషి నీళ్ల క్యాన్ల కోసం వీధిలోకి పోయాడు. అన్నం మెత్తబడిపోతోందని మామ తొందరపడుతున్నాడు. నేను పక్కనే ఉల్లిపాయలు కోస్తున్నాను. "నేను పడతాలే మామా" అని లేచాను. నన్నెవరూ పిలవలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

వంచుతుండగా మూత జారింది. జారే మూతను పట్టుకోబోతే కుడి చెయ్యి మణికట్టు దాకా ఉడుకుతున్న అన్నంలోకి పోయింది. ఎడమ చేతి మీద గంజి పొర్లింది.

తర్వాత నాకు గుర్తున్నది నిశ్శబ్దం. తొట్టె దగ్గర ఆడవాళ్లు పాడుతున్న పాట, వంటవాళ్ల మాటలు, పొయ్యి చప్పుడు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నిజానికి ఏదీ ఆగలేదట. నేను అంత గట్టిగా అరిచానని, వీధి చివరి వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారని షాహీన్ తర్వాత చెప్పింది. నేను అరిచిన సంగతి నాకు ఇప్పటికీ జ్ఞాపకం లేదు.

ఓబులేసు మామ నా భుజాలు పట్టి లాక్కుపోయి కొళాయి కింద చేతులు పెట్టించాడు. ఒకామె పేస్టు తెచ్చింది, ఇంకొకామె పసుపు తెచ్చింది.

"ఎవురూ ఏమీ పూయాకండి! నీళ్లే, నీళ్లే! ముందు ఆ గాజులు తీయండి" అని అరిచాడు మామ.

మెతుకులు చేతికి అంటుకొని ఉన్నాయి. నీళ్లకు ఒక్కొక్కటే ఊడి పోతున్నాయి. వాటితో పాటు పల్చగా, తెల్లగా ఇంకేదో ఊడుతోంది. ఏది అన్నమో ఏది నా చర్మమో తేల్చుకోలేక అట్లాగే చూస్తూ నిలబడ్డాను.

"యాడ మండుతాంది మ్మా?" అన్నాడు మామ.

"ఎడమ చెయ్యి మామా. ప్రాణం పోతాంది."

"కుడిది?"

"కుడిది ఏం లేదు మామా. అది బాగనే ఉంది."

ఆయన నా కుడి చెయ్యి వైపు చూశాడు. మైనం పూసినట్టు తెల్లగా ఉంది. అంతసేపూ అరుస్తున్న మనిషి గొంతు తగ్గించి, "షాహీనా, బండి పిలువు తల్లీ. ఇప్పుడే" అన్నాడు. ఆ తగ్గిన గొంతుకు నాకు మొదటిసారి భయమేసింది.

అంతలో అత్త వచ్చింది. చక్రాయపేట పక్కన ఒక తాత ఉన్నాడని, కాలిన దాని మీద మంత్రించి ఊదుతాడని, ముందు అక్కడికే పోదామని పట్టుబట్టింది. "ఊదితే మంట దిగుతాది. నేను కండ్లారా చూసినా."

"మంటే లేదంటాంది కదమ్మా. ఇంగ దేన్ని దించుతాడు?" అన్నాడు ఓబులేసు మామ.

అత్త తడి గుడ్డ తేవడానికి లోపలికి పోయింది. చాలాసేపు నీళ్ల కిందే ఉంచి, తడి గుడ్డ కప్పి ఊళ్లోని ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఇంజెక్షన్ ఇచ్చి, కట్టు కట్టి, చర్మం అతికించే డాక్టరుండే చోటికి పొమ్మన్నారు. మా ఊరికి దగ్గరని ప్రొద్దుటూరు అన్నాం.

దారిలో

షాహీన్ ఒళ్లో పసిబిడ్డ, రావడానికి లేదు. అంబులెన్సులో నాతో అత్త ఎక్కింది. ముద్దనూరు దాటాక అంబులెన్సు మనిషి వెనక్కి తిరిగి, "అన్నం క్యారేరు తెచ్చినారా మ్మా? మూత తీసి పెట్టినారా?" అని అడిగాడు.

"లేదప్పా" అంది అత్త.

బండి నిండా వేడన్నం వాసన. అది నా కట్టులోంచి వస్తోందని నాకూ అత్తకూ ఒకేసారి తెలిసింది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. ఈ మాట రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, ఆ వాసనకు నాకు ఆకలేసింది. నా చేతి వాసనకే నాకు ఆకలేసింది.

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. మేమూ ఆగాం. కిటికీలోంచి చూస్తే రోడ్డు, చెట్లు, లారీల పక్కన నిలబడ్డ మనుషులు, అంతా తెల్లటి దుమ్ము. ఎవరూ కదలడం లేదు, ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఇంజెక్షన్ మత్తు కావచ్చు. నాకు మాత్రం ఊరు ఊరంతా నా చెయ్యిలా అయిపోయిందనిపించింది.

ప్రొద్దుటూరు, బెంచీ మీద

ఆసుపత్రిలో వరస పెద్దది. నా కుడి ఉంగరం వేలు వాచి, ఉంగరం లోపలికి దిగిపోయింది. నర్సు రాజేశ్వరి కట్టు విప్పి చూసి, "దీన్ని నీళ్ల కింద ఉన్నప్పుడే తీసేయాల్సిందక్కా. ఇప్పుడు కోయాల. లేకపోతే వేలుకు రక్తం పోదు" అంది. ఉంగరాలు కోసే కత్తెర కోసం రెండు గదులు వెతికి, దొరకక ఉత్త చేతులతో వచ్చింది.

మా పక్కన తండ్రిని షుగరు పరీక్షకు తెచ్చిన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఇదంతా వింటున్నాడు. "నాయనను కొంచెం చూస్తాండు మ్మా" అని అత్తకు చెప్పి స్కూటర్ మీద పోయి, పావుగంటలో ఒక చిన్న డబ్బాతో వచ్చాడు. ఆయనది బంగారు పని. వెంట్రుకంత సన్నని రంపపు బ్లేడు. ఉంగరం కింద పల్చటి రేకు దూర్చి, నేల మీద మోకాళ్లూని కూర్చుని కోశాడు. ఆయన నా చేతిని చూడలేదు, ఉంగరాన్నే చూశాడు. అంతసేపట్లో ఒక మనిషి ముఖంలో జాలి, అసహ్యం కనబడకపోవడం అదే మొదలు. రెండు ముక్కలనూ కాగితంలో చుట్టి అత్తకిచ్చి, "తరుగేం పోలేదు మ్మా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఏడ్చాను. ఆయన పేరు అడగడం మరిచిపోయాం.

మూడో రోజు

నన్ను ఉంచిన గదిలో రెండు మంచాలు. రెండో దాంట్లో లక్ష్మీదేవి అని ఒక పెద్దామె. పెండ్లిమర్రి దగ్గరి పల్లె, గొర్రెలు మేపుకునే కుటుంబం. ఎర్రగుంట్లలో కూతురింటికి వచ్చి, స్నానాలకు కాగుతున్న నీళ్ల హండా మీద పడింది. ఛాతీ నుంచి మోకాళ్ల దాకా కాలింది. ముఖానికి మాత్రం ఏమీ కాలేదు. గుడ్డల మధ్య ఆ ముఖం ఇప్పుడే తల దువ్వుకొని కూర్చున్నట్టు ప్రశాంతంగా ఉండేది.

కూతురు ఫోన్‌లో అందరికీ సంతోషంగా చెప్పేది. "అమ్మకు నొప్పే లేదంట. మాట్లాడతాంది. రెండు దినాల్లో తోలకపోతాం."

డాక్టరు కూతురిని పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. ఆమె నమ్మలేదు. "సచ్చేటట్టుండే మనిషి గొర్రె ఈనిందా అని అడుగుతాదా సార్?" అంది. పెద్ద ఆసుపత్రికి తీసుకుపొమ్మంటే రేపు రేపు అంది.

నాకు తెలుసు. నా కుడి చెయ్యి ఎందుకు నొప్పి పెట్టడం లేదో రాజేశ్వరి అప్పటికే వివరంగా చెప్పింది. నొప్పిని తెలిపే నరాలే కాలిపోతే నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ముసలామె నవ్వుతూ మాట్లాడిన ప్రతిసారీ నా కుడి చేతి కట్టు వైపు చూసుకునేదాన్ని.

"ఏం పాపా, శానా మండుతాందా?" అని ఆమే నన్ను అడిగేది.

"ఎడమ చెయ్యి మండుతాంది పెద్దమ్మా. కుడిది మండదు."

"నాకు యాడా మండదు. సల్లగా ఉంది. ఎండాకాలంలో ఇంత సల్లగా నేనెప్పుడూ లేను."

కూతురు టీకి పోయినప్పుడు నేనుండబట్టలేక, "పెద్దమ్మా, డాక్టరు చెప్పినట్టు పెద్దాసుపత్రికి పో" అన్నాను.

ఆమె తలుపు వైపు చూసింది. "నాకు తెలుస్తాంది పాపా. దానితో చెప్పాకు. నాలుగు ముద్దలు తిననీ దాన్ని" అంది. తర్వాత మళ్లీ గొర్రెల మాట ఎత్తుకుంది.

నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందా అని ఇప్పటికీ నాకు తెలియదు.

మూడో రోజు పది గంటలకు కట్టు మార్చడానికి నన్ను లోపలికి తీసుకుపోయారు. నొప్పి తెలియకుండా ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. అది నిద్ర కాదు. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం ఎక్కడికో పోతుంది. నేను పైకప్పు దగ్గరి నుంచి చూస్తున్నాను. కింద బల్ల మీద ఒకామె పడుకొని ఉంది. ఆమె చేతులు ఆమె దగ్గర లేవు. స్టీలు ట్రేలో పక్కపక్కన ఉన్నాయి. తలుపు దగ్గర స్టూలు మీద లక్ష్మీదేవి కూర్చుని ఉంది. భుజం మీద ఎర్ర అంచు నల్ల కంబళి.

"ఇది నీదే పాపా. తీసుకో. ఇంకోరిది అనుకొని ఇడ్సిపెట్టాకు" అంది.

మెలకువ వచ్చేసరికి గదిలో ఉన్నాను. రెండో మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

"ఎప్పుడు పోయింది?" అన్నాను.

రాజేశ్వరి నా ముఖం చూడకుండా దిండు సర్దింది. "నిన్ను లోపలికి తీసుకపోక ముందే అక్కా. నువ్వు భయపడతావని తెర అడ్డం పెట్టినాం."

డాక్టరుకు చెబితే, ఆ మందుకు అట్లాంటివి కనపడటం మామూలేనన్నాడు. నేను వాదించలేదు. సాయంత్రం కూతురు మంచం కింది సంచి తీసుకుపోవడానికి వచ్చింది. బట్టలు సర్దుతూ ఒక కంబళి బయటికి తీసి దులిపి మడత పెట్టింది. నలుపు. ఎర్ర అంచు. ఆ సంచి మూడు రోజులు నా కళ్ల ముందే ఉంది, ఎప్పుడో చూసే ఉంటానని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నాను.

ఐదో రోజు

డాక్టరు సూటిగా చెప్పాడు. కుడి చెయ్యి వెనక, వేళ్ల మీద చర్మం చచ్చిపోయింది. దాన్ని తీసేసి తొడ మీది చర్మం పల్చగా తీసి అతికించాలి. ఆలస్యమైతే చీము పడుతుంది, వేళ్లు పోవచ్చు.

అత్త ఒప్పుకోలేదు. "మంచి సోట కోసి చెడ్డ సోట అతికిచ్చేదేంది? చూసినాం కదా, పక్క మంచం మనిషిని ఏం చేసినారో!" అంది. ఫోన్‌లో మా ఆయన కూడా భయపడ్డాడు. "పది దినాల్లో సెలవు ఇప్పిస్తామంటాండారు. నేను వచ్చేదాకా ఆపండి" అన్నాడు.

ఇద్దరూ నా చేతి గురించి నా తల మీదుగా మాట్లాడుకుంటున్నారు. నాకు లక్ష్మీదేవి ప్రశాంతమైన ముఖం గుర్తొచ్చింది.

"అత్తా, ఆమెను ఎవురూ ఏమీ చేయలేదు. ఏమీ చేయనియ్యకనే పోయింది. రేపు రేపు అన్నారు" అన్నాను.

అత్త ఫోన్ తీసుకొని కొడుకుతో, "నువ్వు వచ్చేదాకా చెయ్యి ఆగదు నాయనా. మేం చేపిస్తాండాం" అని పెట్టేసింది.

కాగితాలు తెచ్చారు. నేను సంతకం పెట్టాలి. రెండు చేతులూ కట్లలో ఉన్నాయి. వేలిముద్ర కూడా లేదు. రాజేశ్వరి సందేహిస్తూ, "కాలి బొటనవేలు పెట్టొచ్చు" అంది. నేను వంగలేను. నర్సు సిరా డబ్బా తెరిచేలోపే అత్త మంచం చివరికి పోయి నా పాదం ఒళ్లోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. వేలికి సిరా అద్ది, కాగితం మీద మెల్లగా ఒత్తింది. ఇరవై ఏళ్లలో ఆమె నా కాలు ముట్టుకోవడం అదే మొదటిసారి. నేను కాలు వెనక్కి లాక్కోబోతే, "కదలాకు, ముద్ర చెరిగిపోతాది" అని కసిరింది.

ఆ మధ్యాహ్నం నుంచి ఆమే నాకు ముద్దలు కలిపి పెట్టింది. స్నానం, బట్టలు, చెప్పుకోలేనివన్నీ ఆమే చూసుకుంది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఒక పూట నాకు పెట్టిన పళ్లెంలోనే మిగిలింది ఆమె కూడా తిన్నది. ఇద్దరం ఆ సంగతి గమనించనట్టే ఊరుకున్నాం.

నలభయ్యో రోజు నుంచి, జమ్మలమడుగు

కుడి చేతికి చర్మం అతుక్కుంది, ఎడమది దానంతటదే మానింది. ఇల్లు చేరాను. అయితే ఈ కుడి చెయ్యి మునుపటి చెయ్యి కాదు. రంగు వేరు, మెరుపు వేరు. తాకితే ఎక్కడో దూరంగా ఎవరో తలుపు తట్టినట్టు ఉంటుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు. ఒకరోజు పగలు నిద్రలేచేసరికి నా ఛాతీ మీద ఎవరిదో చెయ్యి ఉంది. చల్లగా, బరువుగా ఉంది. కెవ్వుమని తోసేశాను. అది నాతో పాటే పక్కకు వచ్చింది. అత్త పరుగెత్తుకొచ్చి నన్నూ చేతినీ కలిపి పట్టుకుంది.

రేషన్ అంగట్లో వేలిముద్రల మిషన్ మీద వేలు పెడితే, పట్టలేదు. ఏ వేలు పెట్టినా పట్టలేదు. "నువ్వు కాదంటాంది నసీమక్కా" అన్నాడు ఆ అబ్బాయి, పాపం, నవ్వించాలని. వరసలో ఎవరూ నవ్వలేదు. చివరికి కంటిపాప చూసే మిషన్‌కు కన్ను చూపిస్తే ఒప్పుకుంది. ఇంటికి వచ్చి అద్దంలో చాలాసేపు చూసుకున్నాను.

అన్నం ఉడికే చప్పుడు వింటే ఒళ్లు బిగుసుకుపోయేది. అత్త రెండు నెలలు పెరట్లోనే వండింది. గోధుమపిండి ముద్ద ఇచ్చి పిసకమనేది. డాక్టరు చెప్పిన వ్యాయామం అది. పిండి మెత్తగా ఉందో గట్టిగా ఉందో నాకు తెలిసేది కాదు, ఆమె చెప్పాలి. "ఇంగా పిసుకు", "చాలు". చూపుడు వేలు, బొటనవేలు ఇప్పుడు కలుస్తాయి. మిగతావి సగమే వంగుతాయి. సూది ఎడమ చేతికి మార్చుకున్నాను. మొదటి పువ్వుకు నాలుగు రోజులు పట్టింది. ఒక రేకు పెద్దది, ఒకటి చిన్నది. అంగడి ఆయన ఏమీ అనకుండా తీసుకున్నాడు.

సెప్టెంబరు

మా ఆయనకు పది రోజుల్లో అన్న సెలవు నాలుగు నెలలకు దొరికింది. ఏ రోజు వచ్చేదీ నాకు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఇంతియాజ్. ప్రయాణం బట్టలు కూడా మార్చుకోలేదు. నా కుడి చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకొని కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పుడొచ్చినావు?"

"గంట పైన అయింది."

"లేపకపోతివా?"

"లేపినా" అన్నాడు. "ఈ చెయ్యి పట్టి మెల్లగా లేపినా. తర్వాత గట్టిగా పట్టుకున్నా. గోరుతో కూడా గీరినా నసీమా. నీకు తెలీలేదు."

ఎడమ చేతిని తెచ్చి ఆయన చేతుల మీద పెట్టాను. ఆయన వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం ఎడమ చేతికి తెలుస్తోంది. దాని కింద నా కుడి చెయ్యి ఏమీ ఎరగనట్టు, గాఢంగా నిద్రపోయే పసిబిడ్డలా పడి ఉంది. దాన్ని లేపాలని మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.